చుక్క ఎక్కడుంది? మందుల చీటీలోనూ, రిపోర్టులోనూ దశాంశ సంఖ్యలు

పది కిలోల బరువున్న బిడ్డకు జ్వరం వచ్చిందనుకుందాం. డాక్టరు గారు పారాసెటమాల్ చుక్కల మందు 1.5 మి.లీ. చొప్పున ఇవ్వమని చీటీ రాశారు. దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి మడత సరిగ్గా చుక్క మీద పడింది. చూసినవారికి 15 అని కనబడింది. మామూలుగా చుక్కల మందు సీసాలో ఉండేదే 15 మి.లీ. అంటే సీసా మొత్తం తాగించమని అర్థం వస్తుంది. ఆ మందు ఒక్క మి.లీ.లో సాధారణంగా 100 మి.గ్రా. ఉంటుంది. అలా 150 మి.గ్రా. వెళ్ళవలసిన చోట 1500 మి.గ్రా. వెళితే, అంత చిన్న బిడ్డకు కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

మందు అదే, సీసా అదే, బిడ్డ అదే. మారింది ఒక్క చుక్క. చిన్నప్పుడు బడిలో ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో నేర్చుకుని, పరీక్ష అయ్యాక మరచిపోయిన దశాంశ సంఖ్యలు పెద్దయ్యాక మళ్ళీ అవసరపడేది ఎక్కువగా ఇలాంటి చోటనే. బడికి వెళ్ళని పెద్దవారు కూడా భయపడనక్కరలేదు. ఇందులో ఉన్న లెక్క రూపాయి పైసల లెక్క కన్నా కష్టమైనది కాదు.

చుక్కకు కుడివైపు ఏముంది?

చుక్కకు ఎడమవైపు ఉన్నది పూర్తి సంఖ్య. కుడివైపు ఉన్నది ముక్కలు. చుక్క పక్కనే ఉన్న మొదటి అంకె పదో వంతులను చెబుతుంది. దాని తరువాతి అంకె నూరో వంతులను, ఆ తరువాతిది వెయ్యో వంతులను చెబుతుంది. 2.5 కిలోలు అంటే రెండు కిలోలు, ఇంకొక కిలోను పది సమభాగాలు చేస్తే అందులో ఐదు భాగాలు. అంటే రెండున్నర కిలోలు.

మన భాషలో ఈ ముక్కలకు చక్కని పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. పావు అంటే 0.25, అర అంటే 0.5, ముప్పావు అంటే 0.75. రెండుంబావు అంటే 2.25, రెండున్నర అంటే 2.5. అయితే మన పాత లెక్కలు పదులతో సాగేవి కావు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. అన్నీ సగాలు, ఆ సగాల్లో సగాలు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయిని నూరు నయాపైసలుగా విభజించారు. 1958 అక్టోబరు నుంచి వీశెలు, శేర్ల స్థానంలో కిలోలు, గ్రాములు రావడం మొదలైంది. నాలుగణాలు 25 పైసలకు సరిగ్గా సరిపోయాయి గాని, ఒక్క అణా మాత్రం ఆరుంబావు పైసలు. ఆ పావు పైసా ఎవరూ ఇవ్వలేరు గనుక అణాను ఆరు పైసలుగా లెక్కగట్టారు. ఇప్పటికీ పెద్దవారు పదహారణాల మాట అంటారు. మన నోటికి పదుల లెక్క కన్నా పావుల లెక్క దగ్గరన్నమాట. అందులో తప్పేమీ లేదు. చీటీలో 0.25 కనబడినప్పుడు “పావు” అని మనసులో అనుకుంటే అర్థం ఇంకా త్వరగా అవుతుంది.

డబ్బు లెక్క నేర్పిన అలవాటే ఒకచోట మనల్ని పక్కదారి పట్టిస్తుంది. రూపాయల్లో చుక్క తరువాత ఎప్పుడూ రెండు అంకెలుంటాయి. 2.50 అంటే రెండు రూపాయల యాభై పైసలు. దాంతో 2.5 అని చూడగానే చాలామంది “రెండూ ఐదు” అనుకుంటారు. రెండు రూపాయల ఐదు పైసలను 2.05 అని రాయాలి. చుక్క తరువాత సంఖ్య చివర ఉన్న సున్నా వల్ల విలువ మారదు. 2.5, 2.50, 2.500 మూడూ ఒకటే. కాని చుక్కను ఆనుకుని ఉన్న సున్నా చాలా ముఖ్యం. దాన్ని వదిలేస్తే ముక్క పది రెట్లు పెరుగుతుంది.

కాన్పుల వార్డులో దీని విలువ తెలుస్తుంది. పుట్టిన బిడ్డ బరువు 2.5 కిలోల కన్నా తక్కువైతే తక్కువ బరువు బిడ్డ అంటారు. 2.05 అంటే రెండు కిలోల యాభై గ్రాములు. 2.5 అంటే రెండు కిలోల ఐదువందల గ్రాములు. ఈ రెంటికీ తేడా 450 గ్రాములు. అంత చిన్న శరీరానికి అది చాలా పెద్ద తేడా. మొదటి బిడ్డ విషయంలో తల్లికి వెచ్చదనం గురించి, పాలు పట్టడం గురించి, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలనే దాని గురించి ప్రత్యేకంగా చెబుతారు. ఊరికి ఫోను చేసి “రెండూ ఐదు ఉన్నాడట” అని చెబితే, విన్నవారికి ఏ బిడ్డ గురించి చెబుతున్నారో తెలియదు.

ఇంకో పొరపాటు కూడా తరచుగా వినిపిస్తుంది. పోయిన వారం బిడ్డ 3.4 ఉంది, ఈ వారం 3.25 ఉంది, నాలుగు నుంచి ఇరవై ఐదుకు పెరిగిందని సంతోషపడతారు. పెరగలేదు, 150 గ్రాములు తగ్గింది. పోల్చేటప్పుడు చుక్క తరువాత అంకెల సంఖ్యను సమానం చేసుకుంటే చాలు. 3.40, 3.25 అని పక్కపక్కన రాసి చూస్తే అక్కడే తెలిసిపోతుంది. పుట్టిన మొదటి వారంలో బిడ్డ కొంచెం బరువు తగ్గడం మామూలే. ఆ తరువాత తగ్గితే మాత్రం వెంటనే చూపించాలి.

అన్ని చుక్కలూ దశాంశాలు కావు

క్రికెట్ చూసే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక ప్రశ్న అడిగి చూడండి. 19.3 ఓవర్లు అంటే ఎంత? అది పంతొమ్మిది ఓవర్ల మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు గనుక నిజానికి పంతొమ్మిదిన్నర ఓవర్లు. దశాంశంలో రాస్తే 19.5 కావాలి. అలాగే 10.30 గంటలు అంటే పదిన్నర. ఇక్కడ చుక్క గంటలను, నిమిషాలను విడదీసే గుర్తు మాత్రమే.

ఆసుపత్రిలో ఇది తగిలేది ఎత్తు దగ్గర. “నా ఎత్తు ఐదు పాయింట్ ఆరు” అంటాం. మన ఉద్దేశం ఐదడుగుల ఆరంగుళాలు. అడుగుకు పన్నెండంగుళాలు గనుక అది దశాంశంలో 5.5 అడుగులు, సుమారు 168 సెంటీమీటర్లు. 5.6 అని యంత్రంలోనో ఫోనులోనో కొడితే అది 171 సెంటీమీటర్లు అనుకుంటుంది. బరువు ఎత్తుకు తగినట్టుందా లేదా అనే లెక్క అక్కడే తేడా పడుతుంది. ఎత్తును సెంటీమీటర్లలోనే చెప్పడం మంచిది.

చీటీలో 1-0-1 అని రాసినదాన్ని కూడా ఇందులోనే చెప్పుకోవాలి. అది సంఖ్య కాదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. కొందరు గీతలకు బదులు చుక్కలు పెట్టి రాస్తారు. అది మంచి అలవాటు కాదు.

మందుల చీటీ

దశాంశాల వల్ల ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

అర మిల్లీగ్రామును రెండు విధాలుగా రాస్తారు. ఒకటి 0.5, రెండోది ముందు సున్నా లేకుండా చుక్క, ఐదు. విలువ ఒకటే గాని రెండో పద్ధతిలో చుక్క కనబడకపోతే అది 5 అయిపోతుంది, అంటే పది రెట్లు. ముందు సున్నా ఉంటే “ఇక్కడెక్కడో చుక్క ఉండాలి” అని చూసేవారికి అనుమానం కలుగుతుంది. అందుకే ఆ సున్నా. దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. ఐదు మి.గ్రా.ను 5.0 అని రాస్తే చుక్క చెరిగినప్పుడు 50 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో, చీటీల్లో వాడకూడని రాతల జాబితా ఒకటి ఇచ్చింది. అందులో ఈ రెండూ ఉన్నాయి. పూర్తి సంఖ్య అయితే వెనుక సున్నా పెట్టకూడదు, ఒకటి కన్నా తక్కువైతే ముందు సున్నా పెట్టి తీరాలి. మన దేశంలో 2016లో అప్పటి భారత వైద్య మండలి, మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన సవరించింది. అంకెలు కూడా అంతే స్పష్టంగా ఉండాలని కోరే హక్కు మీకుంది. చీటీలో అంకె అర్థం కాకపోతే “ఇది ఎంతండీ?” అని కౌంటరు దగ్గరే అడగండి. ఇంటికి వెళ్ళి ఊహించుకోవడం కన్నా, వెనుక వరుసలో నిలబడినవారు ఇంకొక నిమిషం ఆగడం మేలు.

నిద్రకో, ఆందోళనకో ఇచ్చే కొన్ని మాత్రలు 0.25, 0.5 మి.గ్రా.లలో వస్తాయి. చీటీలో మందు పేరు పక్కన 0.5 అని ఉంటే “అర మాత్ర” అని అనుకుని విరిచి వేసుకునేవారున్నారు. అక్కడ 0.5 అనేది మాత్ర బలం. మాత్ర పూర్తిగానే వేసుకోవాలి. నిజంగా అర మాత్ర వేసుకోమని చెప్పదలచినప్పుడు అది ఎన్నిసార్లు అని రాసే చోట ఉంటుంది. మాత్ర రేకు మీద ఉన్న అంకె, చీటీలో మందు పేరు పక్కనున్న అంకె ఒకటేనా కాదా చూసుకోండి. ఒకటే అయితే విరవనక్కరలేదు. కాకపోతే మీరే లెక్కకట్టి విరవవద్దు, అడగండి.

థైరాయిడ్ మాత్రలు మరీ జాగ్రత్తగా చూడవలసినవి. వాటిలో మందు చాలా కొద్దిగా ఉంటుంది. దాన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. 100 మైక్రోగ్రాములు అన్నా 0.1 మి.గ్రా. అన్నా ఒకటే. 25 మైక్రోగ్రాములు అంటే 0.025 మి.గ్రా. పాత చీటీలో 0.1 అని ఉండి, కొత్త డబ్బా మీద 100 అని ఉంటే మోతాదు పెరిగిపోయిందని కంగారుపడవద్దు. అయితే 12.5 మైక్రోగ్రాముల మాత్రలు ఉన్నాయి, 125 మైక్రోగ్రాముల మాత్రలూ ఉన్నాయి. ఇవి రెండూ ఒకటి కావు, పది రెట్ల తేడా. కొత్త డబ్బా తెరిచే ముందు పాత డబ్బాను పక్కన పెట్టి అంకెనూ, చుక్కనూ పోల్చి చూడండి. అందుకే ఖాళీ డబ్బాను కొత్తది కొనేవరకు పారేయవద్దని చెబుతుంటాం.

కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ 2.5, 7.5 మి.గ్రా. మాత్రలుగా వస్తుంది. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మూడు 2.5లు కలిస్తే ఒక 7.5. ఇంట్లో రెండు రకాల రేకులూ ఉంటే లెక్క తప్పుతుంది. ఒకే రకం ఇవ్వమని అడగండి, వేసుకునే వారం పేరు డబ్బా మీద తెలుగులో రాయించుకోండి.

ఒకే బిడ్డ, మూడు సీసాలు

మొదట చెప్పిన పది కిలోల బిడ్డ దగ్గరకు మళ్ళీ వద్దాం. జ్వరానికి పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువులో ఒక్కో కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. పదిహేను చొప్పున తీసుకుంటే 150 మి.గ్రా. ఇప్పుడు దుకాణంలో మూడు రకాల సీసాలున్నాయి. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి 1.5 మి.లీ. ఇవ్వాలి. మామూలు సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. అయితే 1 మి.లీ.లో 25 మి.గ్రా., కాబట్టి 6 మి.లీ. గాఢమైన సిరప్ 5 మి.లీ.కి 250 మి.గ్రా. అయితే 3 మి.లీ. చాలు.

చూశారా, 1.5, 6, 3. మూడూ సరైన జవాబులే, కాని ఏ సీసాకు ఆ జవాబు. “పోయినసారి 6 మి.లీ. పోశాం, ఈసారీ అంతే” అని చుక్కల మందును 6 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు వెళ్ళిపోతుంది. పక్కింటివారి సీసా తెచ్చి మన చీటీ ప్రకారం ఇవ్వడంలో ఉన్న ప్రమాదం ఇదే. సీసా మీద చిన్న అక్షరాల్లో “ప్రతి 5 మి.లీ.లో” అని ఉందా, “ప్రతి 1 మి.లీ.లో” అని ఉందా తప్పక చదవండి. కళ్ళజోడు లేకపోతే పిల్లలచేత చదివించుకోండి.

కొలవడానికి వంటింటి చెంచా వాడవద్దు. మందుల లెక్కలో చెంచా అంటే 5 మి.లీ., కాని మన ఇళ్ళలోని చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. సూది లేని సిరంజి మంచిది. సిరంజి మీద పెద్ద గీతలకు మాత్రమే అంకెలుంటాయి. రెండు అంకెల మధ్య ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టాలి. 1కీ 2కీ మధ్య పది ఖాళీలుంటే ఒక్కో గీత 0.1 మి.లీ. ఐదు ఖాళీలుంటే ఒక్కో గీత 0.2 మి.లీ. గీత అంటే ఎప్పుడూ 0.1 అనుకోకూడదు. పెద్ద సిరంజిలో గీతల విలువ ఇంకా పెరుగుతుంది.

పారాసెటమాల్ ఒకసారి ఇచ్చాక కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. మోతాదు ఎక్కువ పడిందని అనుమానం వస్తే, బిడ్డ బాగానే ఆడుకుంటున్నా సరే, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కాలేయానికి జరిగే హాని మొదటి రోజు బయటకు కనబడకపోవచ్చు. విరుగుడు మందు ఉంది గాని, త్వరగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఇన్సులిన్ సిరంజి

షుగరు ఉన్న కుటుంబాలవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో వాడుకలో ఉంది. యు-40 అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు. యు-100 అంటే ఒక మి.లీ.లో 100 యూనిట్లు. పది యూనిట్లు కావాలంటే యు-40లో 0.25 మి.లీ. తీయాలి, యు-100లో 0.1 మి.లీ. ఈ లెక్క మనం చేయనక్కరలేకుండా సిరంజి మీద యూనిట్లే ముద్రించి ఉంటాయి. యు-40 సిరంజికి ఎర్ర మూత, యు-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది.

సిరంజి మారితే ఏమవుతుందో చూడండి. యు-100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 10 గీత వరకు తీస్తే లోపలికి వచ్చేది 0.25 మి.లీ., అంటే 25 యూనిట్లు. పదికి బదులు రెండున్నర రెట్లు. చెమటలు, వణుకు, తెలివి తప్పడం వరకు వెళ్ళవచ్చు. దానికి తిరగేసి, యు-40 ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 10 వరకు తీస్తే వచ్చేది 0.1 మి.లీ., అంటే 4 యూనిట్లే. షుగరు తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోతారు, తరువాత ఎవరో సరైన సిరంజి ఇచ్చినరోజు ప్రమాదం వస్తుంది. ఊరు మారినప్పుడు, దుకాణం మారినప్పుడు, పెన్ను నుంచి సీసాకు మారినప్పుడు ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. పెన్నులోని ఇన్సులిన్‌ను సిరంజితో లాగి వాడడం అసలు చేయవద్దు.

థర్మామీటరు

గాజు థర్మామీటరులో డిగ్రీకీ డిగ్రీకీ మధ్య ఐదు ఖాళీలుంటాయి. ఒక్కో గీత 0.2. నూటొకటి దాటి మూడు గీతలు అంటే 101.3 కాదు, 101.6. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న డిజిటల్ వాటిలో అంకె నేరుగా కనబడుతుంది. అయితే అది సెల్సియస్‌లోకి మారిపోతే 38.9 అని చూపిస్తుంది. యంత్రం పాడైందనుకుంటారు. కాదు, అది 102. సెల్సియస్‌లో 38, ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే జ్వరమే. మూడు నెలల లోపు పసిబిడ్డకు అంత వస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే తీసుకురండి. 98.6 బదులు 98.9 ఉందని మాత్రం దిగులుపడవద్దు. సాయంత్రానికి అంత మార్పు మామూలే.

రిపోర్టులో పదో వంతు ఎంత పెద్దది?

ఇది అంకె మీద కాదు, ఏది కొలుస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. చాలామంది దీన్ని గమనించరు.

షుగరు 110 నుంచి 112 అయితే రెండు పెరిగింది. దానికి అర్థం ఏమీ లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 నుంచి 1.6 అయితే పెరిగింది ఒక్కటి కూడా కాదు. కాని అది రెండింతలయింది. అదే మనిషిలో క్రియాటినిన్ రెండింతలయి అలాగే ఉండిపోతే మూత్రపిండాల వడపోత సుమారు సగానికి తగ్గిందని అర్థం. “పాయింట్లలోనే కదా పెరిగింది” అని ఊరుకోవడానికి వీల్లేదు. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి కొనే బిళ్ళలు ఆపి, డాక్టరు గారిని కలవాలి. పొటాషియం కూడా అంతే. మామూలుగా 3.5 నుంచి 5.0 వరకు ఉంటుంది. 4.5 ఉన్నది 6.5 అయితే గుండె లయ తప్పవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని కొబ్బరినీళ్ళు, కొన్ని పండ్లు తగ్గించమని చెప్పేది ఆ రెండు అంకెల కోసమే.

గుండె కవాటం మార్చినవారు, రక్తం పలచబడే మందు వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకుంటారు. చాలామందికి అది 2.0 నుంచి 3.0 మధ్య ఉండాలి, కొన్ని కృత్రిమ కవాటాలకు ఇంకాస్త ఎక్కువ. మీకు ఎంత ఉండాలో చీటీ మీద రాయించుకోండి. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5, ఆపైన వస్తే మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు దాని ముందు దశ. 7.1 ఉన్నది 7.2 అయిందని ఇంట్లో గొడవపడనక్కరలేదు. అంత తేడా పరీక్షలోనే రావచ్చు. హిమోగ్లోబిన్ మామూలుగా ఆడవారికి 12 కన్నా, మగవారికి 13 కన్నా, గర్భిణులకు 11 కన్నా తక్కువైతే రక్తహీనత అంటారు. 9.8, 10.1 అని రెండు ల్యాబుల్లో వస్తే రెండూ ఒకటే కథ చెబుతున్నాయి. ఐరన్ మాత్రలు మానవద్దు.

వానాకాలంలో డెంగీ వచ్చినప్పుడు అందరూ అడిగేది ప్లేట్‌లెట్ల గురించి. ఒక ల్యాబు 1,50,000 అని రాస్తుంది, ఇంకొకటి 1.5 లక్షలు అని, మరొకటి 150 వేలు అని రాస్తుంది. మూడూ ఒకటే. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. 0.45 లక్షలు అంటే 45,000. దాన్ని 4.5 అని చదివితే బాగానే ఉందనుకుని ఇంటికి వెళ్ళిపోతారు. 1,50,000లో ఉన్నది కామా, 1.50లో ఉన్నది చుక్క. మనకు ఈ తేడా స్పష్టంగా ఉంది గాని జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాల్లో దశాంశానికి కామాయే పెడతారు. అక్కడ 2,5 అంటే రెండున్నర.

విదేశాల్లోని పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు ఇంకో మాట. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా వంటి చోట్ల షుగరును వేరే కొలతలో చెబుతారు. అక్కడి యంత్రం 7.2 అని చూపిస్తే షుగరు పడిపోయిందని చక్కెర నోట్లో వేసుకోవద్దు. దాన్ని 18తో గుణించండి, సుమారు 130 వస్తుంది. అది మన లెక్క. అలాగే అక్కడ క్రియాటినిన్ 88 అని వస్తే బెదిరిపోవద్దు, అది మన లెక్కలో 1.0. అంకె పక్కన ఉన్న కొలత పేరు, దాని పక్కన ఉన్న మామూలు హద్దులు చూడకుండా ఏ అంకెనూ పోల్చకూడదు.

ఫోనులో రిపోర్టు చెప్పేటప్పుడు చుక్క తరువాత ఉన్న అంకెలను విడివిడిగా చెప్పండి. 0.45ను “సున్నా పాయింట్ నాలుగు ఐదు” అనండి, “పాయింట్ నలభై ఐదు” అనవద్దు. 2.05ను “రెండు పాయింట్ సున్నా ఐదు” అనండి. అవతలివారిని తిరిగి చదవమనండి. ఫోటో పంపగలిగితే అంకె ఒక్కటే కాకుండా కాగితం మొత్తం, పేరు, తేదీ, కొలత, హద్దులతో సహా కనబడేలా తీసి పంపండి.